నచ్చనిది ఆ గొంతా, మనం విన్న స్పీకరా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. బెంగళూరులో ఉంటావు, ఆఫీసులో తమిళ ఫ్రెండు ఒకతను కర్ణాటక సంగీతం పాడిన ఎమ్.డి. రామనాథన్ గారిని వినమని చెప్పాడు, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చుని ఫోన్‌లో పెట్టుకున్నావు, రెండు నిమిషాలు కూడా వినలేకపోయావు, ఎవరో జ్వరంలో మూలుగుతున్నట్టుందన్నావు. ఇంతమంది ఈయన్ని ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు, మొదట్లో అస్సలు నచ్చక తర్వాత నచ్చిన విద్వాంసులు మీకెవరికన్నా ఉన్నారా, ఉంటే అది ఎట్లా మారింది అని అడిగావు. వయసులో నాకంటే బాగా చిన్నవాడివే అయ్యుంటావని నువ్వు అని పిలుస్తున్నా, ఏమనుకోకు.

ఉన్నారు. నువ్వు చెప్పినాయనే నా లిస్టులో మొదటివాడు. జ్వరం అని నువ్వన్నావు, నేనైతే అప్పట్లో ఇంకా ఘోరమైన మాట అన్నా, అది ఇక్కడ రాయను.

నేనెవరో చెప్పకపోతే ఈ సమాధానం అర్థం కాదు. మాది నెల్లూరు జిల్లా, 1989లో మద్రాసొచ్చి వెస్ట్ మాంబళంలో ఒక మైక్‌సెట్టు ఆయన దగ్గర పనికి చేరా, అప్పటి నుంచి సంగీత సభల్లో, పెళ్ళిళ్ళలో, గుళ్ళలో మైకులు పెట్టడమే పని, తర్వాత సొంతంగా పెట్టుకున్నా. పాడటం రాదు, వాయించడం రాదు. కానీ మార్గళి, అంటే మన ధనుర్మాసం, కచేరీల సీజన్ వస్తే పొద్దున ఒకటి మధ్యాహ్నం ఒకటి సాయంత్రం ఒకటి, రోజుకి మూడు కచేరీలు మిక్సర్ వెనక కూర్చుని వినాల్సిందే, లేచిపోదామన్నా కుదరదు కదా, జనం డబ్బులు పెట్టి వింటే నాకు డబ్బులిచ్చి మరీ వినిపించారు. కాబట్టి ఇది సంగీతం తెలిసినవాడి సమాధానం కాదు, సౌండ్ వాడి సమాధానం, అట్లానే చదువుకో.

మా ఓనరుకి రామనాథన్ గారంటే పిచ్చి. ఆయన్ని నేను నేరుగా వినలా, నేను మద్రాసు రాకముందే 1984లో పోయారు. పాలక్కాడు దగ్గర పుట్టి ఇక్కడ కళాక్షేత్రం అనే కళల బడిలో టైగర్ వరదాచారి గారి దగ్గర నేర్చుకుని అక్కడే పాఠాలు చెప్పినాయన, సొంతంగా రాసుకున్న కీర్తనల్లో వరదదాస అని ముద్ర పెట్టుకున్నారు, గురువు పేరే. ఇవన్నీ మా ఓనరు వ్యాన్‌లో సామాను దించేటప్పుడు, ఎక్కించేటప్పుడు చెప్తానే ఉండేవాడు. వ్యాన్‌లో ఒక టేప్‌రికార్డరు, డ్యాష్‌బోర్డు మీద రబ్బర్‌బ్యాండేసి కట్టింది, దాంట్లో ఆయన క్యాసెట్లే. రేడియో నుంచి ఎవరో రికార్డు చేసినవి, దానికి మళ్ళా కాపీలు. ఇంజన్ మోతలో ఆ గొంతు గొర్ర్ గొర్ర్ అంటా ఉంటే నాకు నిజంగా టేపు స్లో అయిపోయిందనుకుని ఒకసారి హెడ్డు క్లీన్ చేశా. క్లీన్ చేసినా అదే. ఓనరే జోక్ చేసేవాడు, ఈయన చౌకంలో, అంటే బాగా నెమ్మదిగా, తాళం వేస్తే దెబ్బకీ దెబ్బకీ మధ్యలో ఒక బీడీ వెలిగించుకోవచ్చు అని, అంటూనే కళ్ళు మూసుకుని తల ఊపేవాడు. వ్యాను నడుపుతా. నాకు భయమేసేది.

అప్పట్లో నాకు నచ్చింది స్పీడు. గబగబా సరిగమలు అల్లే స్వరకల్పన, మృదంగం దడదడ, చివర్లో చప్పట్లు. ఇంకోటి కూడా ఉంది, నిజాయితీగా చెప్పాలంటే తెలుగువాడినన్న పొగరు. త్యాగరాజు కీర్తన మన భాషది, వీళ్ళు మాట ఎక్కడ విరవాలో తెలీకుండా విరుస్తారు, ఈయన మరీ ఒక్కో అక్షరాన్ని జంతికల పిండిలా సాగదీస్తాడు అని.

మారింది ఎట్లా అంటే, ఏడెనిమిదేళ్ళ తర్వాత ఒక రాత్రి గోడౌన్‌లో. ఒక జత బాక్స్ స్పీకర్లు, పన్నెండు అంగుళాల వూఫర్లు, ఎక్కడో పెళ్ళిలో వాన నీళ్ళు పడి కోన్ పాడైతే మార్పించి బిగించా, టెస్ట్ చెయ్యాలి, చేతికందింది ఓనరు క్యాసెట్టే. అది సహానా రాగంలో గిరిపై అనే త్యాగరాజు కీర్తన. కోన్ మీద వేలు పెట్టి చూస్తున్నా, సరిగ్గా కదులుతోందా గీరుకుంటోందా అని. ఆ గొంతు మొదలైంది. వేలు కింద కోన్ మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపిరి తీసుకున్నట్టు కదలడం మొదలుపెట్టింది, గోడౌన్ నేల మీద చెప్పుల్లేకుండా నిలబడ్డా కదా, అరికాళ్ళకి తెలిసింది. అబ్బా అనుకున్నా. ఇన్నేళ్ళూ నేను విన్నది ఈయన గొంతు కాదు, దాని ఎండుతొక్క.

ఇక్కడ కొంచెం సబ్జెక్టు చెప్పాలి, ఎందుకంటే నీ ఫోన్ సంగతి కూడా ఇదే. ఆయన పాడింది చాలా కింద శృతిలో. బాగా లోతైన మగ గొంతు కింది స్వరాలు వంద హెర్ట్జ్ చుట్టుపక్కల, ఇంకా కిందకి కూడా పోతాయి. ఆ వందతో పాటు రెండొందలు, మూడొందలు, నాలుగొందలు, ఇట్లా పై వరసలు కూడా అదే గొంతులో పలుకుతా ఉంటాయి. గుడి మీద కట్టే బాకా హారన్లు మూడొందలకి కింద దాదాపు ఏమీ పలకవు, అవి మాట దూరం పోవడానికి చేసినవి, పాటకి కాదు. ఫోన్ స్పీకరు కూడా అదే బాపతు, సైజు చిన్నది కాబట్టి. మరి కింది స్వరం పోతే రాగం ఎట్లా తెలుస్తోంది అంటావేమో, మన చెవి తెలివైంది, పైన మిగిలిన వరసలు చూసి కింద ఏముండాలో అదే ఊహించుకుంటుంది. రాగం తెలుస్తుంది, ఒంటికి తగలాల్సింది మాత్రం తగలదు. మామూలు గొంతులకి ఇది పెద్ద నష్టం కాదు, కానీ ఒక మనిషి సంగీతమంతా ఆ అడుగునే ఉంటే? మిగిలేది నువ్వు విన్న మూలుగే. మేము కూడా తక్కువ తినలా, హాల్లో గుంయ్ మంటుందని మిక్సర్‌లో లో-కట్ బటన్ అలవాటుగా నొక్కేస్తాం, అది ఎనభైకో వందకో కింద అంతా కోసేస్తుంది. ఆ రాత్రి తర్వాత మగ గొంతు ఎవరిదైనా ముందు ఆ బటన్ తీసే వింటున్నా, మరీ మోత వస్తేనే నొక్కుతా.

స్పీకరు సగమే. మిగతా సగం సాహిత్యం. గిరిపై నెలకొన్న రాముని గురి తప్పక కంటి, ఇది త్యాగరాజుగారు 1847లో సమాధి అవడానికి కొద్ది రోజుల ముందు పాడారని చెప్పుకుంటారు. చరణంలో ఏముంటుందో చూడు. ఒళ్ళు పులకరించి, ఆనందబాష్పాలు కారుతుంటే, మాటలాడాలని కలవరిస్తుంటే, అది చూసి రాముడు పది పూటలపై కాచెదను అన్నాడట. కాచెదను. అంతే, పది పూటలు. ఇప్పుడు చెప్పు, ఎనభై చేరువలో ఉన్న ముసలాయన, గొంతు పూడుకుపోయి మాట రావట్లేదు, ఇంకా పది పూటలే అని తెలిసిపోయింది, ఆ పాట గబగబా పాడతారా? ఆ రాత్రి రామనాథన్ గారు ఆ మాటల్ని సాగదీస్తుంటే నాకు మొదటిసారి అది సాగదీతలా అనిపించలా. మాటలాడవలెనని కలవరించే మనిషి మాట అట్లానే వస్తుంది. తెలుగు నా భాష, నాకు తెలుసు అనుకుని ఇన్నేళ్ళూ ఆ చరణం అర్థమే పట్టించుకోలా నేను, ఆ పాలక్కాడు ఆయన పట్టించుకున్నారు. సిగ్గేసింది. మా ఓనరుకి పొద్దున్నే చెప్తే నవ్వి, ఇప్పుడా, అని టీకి డబ్బులిచ్చాడు.

అందరికీ ఇట్లా ఒక్క రాత్రిలో వెలగదులే. ఆయన్నే తీసుకున్నా అన్నీ నచ్చవు నాకు, కొన్ని రికార్డింగుల్లో నిజంగానే చౌకం మరీ ఎక్కువై ఎక్కడున్నామో మర్చిపోతాం.

రెండోది ఒక మనిషి కాదు, వాయిద్యం. సన్నాయి. ఇక్కడివాళ్ళు నాదస్వరం అంటారు. మనకి చిన్నప్పుడు అదేంది, పెళ్ళి మోత. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం, గట్టిమేళం అని అరుస్తారు, ఎవరో తుమ్మితే వినపడకూడదని, ఇంక ఆ వాయించేవాళ్ళని సంగీతం వాయిస్తున్నారని ఎవరనుకుంటారు, భోజనం దగ్గర కూడా ఆఖరి పంక్తి. నాకు పనిలో కూడా విసుగే, దాని ముందు మైకు పెడితే మీటరు ఎర్రలైటు దిగదు, వెనక డోలు.

మైలాపూరు కపాలీశ్వర గుడిలో పంగుని నెల ఉత్సవానికి ఒక ఏడు పని పడింది. బయట స్పీకర్లు కట్టాలి. ఒక పెద్ద విద్వాంసుడు, పేరెందుకులే, నేను మైకు పట్టుకుని దగ్గరకి పోతే చేత్తో గమ్మున ఉండు అన్నట్టు సైగ చేసి, తమిళంలో, దీనికి మైకెందుకు నాయనా, నువ్వు పోయి ఆ మూల నిలబడు అన్నాడు. నాకు రోషమొచ్చింది. సరేలే మన కూలి మనకొస్తుంది అని పోయి కోనేరు మెట్ల పక్కన నిలబడ్డా. స్వామి బయటికొచ్చే టైమ్‌కి మల్లారి ఎత్తుకున్నారు, గంభీరనాట రాగంలో, దానికి మాటలుండవు, స్వామి బయలుదేరుతున్నాడని చెప్పే పాట అది. అంత దూరం నుంచి, మధ్యలో జనం, ఆకాశం, నీళ్ళు, అన్నీ దాటుకుని వస్తే ఆ కీచుమనేదంతా దార్లోనే రాలిపోయి వెన్నలాగా చేరింది. అది ఆరుబయట కోసం చేసిన వాయిద్యం తమ్ముడూ. మేము దాన్ని నాలుగ్గోడల మధ్యకి తెచ్చి, అడుగు దూరంలో మైకు పెట్టి, మళ్ళా పెద్ద సౌండు చేసి, చెవులు పోతున్నాయని దాన్నే తిడతాం.

ఆ తర్వాతే షేక్ చిన మౌలానా గారిని వెతుక్కుని విన్నా. మన ఒంగోలు పక్క కరవది ఆయనది. ఒక తెలుగు ముస్లిం, తంజావూరు బాణీ కోసం ఇక్కడికొచ్చి నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి ఊళ్ళో సన్నాయి వాయించుకుంటా బతికారు, 1998లో మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, తర్వాతి ఏడు పోయారు. ఒంగోలు మా ఊరికి ఎంత దూరమని? చిన్నప్పుడు ఆయన పేరు కూడా వినలా నేను. ఇక్కడ తమిళ పూలకొట్టు ఆవిడ చెప్తే తెలిసింది.

మ్యాండొలిన్ శ్రీనివాస్ గారి సంగతి తొందరగా చెప్పేస్తా, అది నా తప్పే. పాలకొల్లు పిల్లాడు, 1969లో పుట్టాడు, నా ఈడువాడే, నేను కేబుళ్ళు చుట్టే వయసులో ఆయన ప్రపంచమంతా తిరిగొచ్చేశాడు, ఈర్ష్య కూడా ఉందేమోలే. ఎలక్ట్రిక్ తీగల మీద తోడి రాగం ఏంది, గిటారు చప్పుడు అనుకున్నా. తర్వాత ఆ వాయిద్యం గురించి తెలిశాకే బుర్ర తిరిగింది. మామూలు మ్యాండొలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జంటలు, మీటితే టింగ్ అని వెంటనే చచ్చిపోతుంది నాదం. అందుకే పాశ్చాత్యులు దాని మీద ఒకే స్వరాన్ని టకటకటక కొడతా ఉంటారు. మన గమకానికి, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, నాదం నిలవాలి, జంట తీగలైతే పక్కకి లాగడం కూడా కష్టం. ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టించుకుని, ఐదో తీగ కలిపి, తీగ కదలికని కరెంటుగా మార్చే పికప్ పెట్టి నాదం నిలిపాడు. అంటే నాకు నచ్చని ఆ కరెంటు లేకపోతే ఆ తోడి రాగమే లేదు. నలభై ఐదేళ్ళకే, 2014లో ఇక్కడే చెన్నైలో పోయాడు. ఆ వారం నేను ఎవరి పెళ్ళిలోనో ఆర్కెస్ట్రాకి మైకు పెడుతున్నా, చివరి చూపుకి కూడా పోలేదు.

బాలమురళి గారి గురించి రాయాలా వద్దా అని ఆలోచించా. తెలుగువాళ్ళు కొడతారు. కానీ నిజం నిజమే, మద్రాసొచ్చిన కొత్తలో నాకు ఆయన నచ్చేవాడు కాదు. అంతకుముందు నచ్చేవాడు! అది విచిత్రం. ఇంట్లో పొద్దున విజయవాడ రేడియోలో భక్తిరంజని వస్తే మా అమ్మ పొయ్యి దగ్గర నుంచే గొంతు కలిపేది, పలుకే బంగారమాయెనా ఆయన గొంతులో వినకుండా మా ఇంట్లో ఇడ్లీ దిగేది కాదు. మరి ఏమైంది? సభల్లో మొదటి వరసలో కూర్చునే మామలు, అంటే ఇక్కడి పెద్దాయనలు. కచేరీ ముందు, క్యాంటీన్‌లో, వాళ్ళ మాటలు వినీ వినీ. ఆయన గమకం తక్కువ, ఆటలు ఎక్కువ, నాలుగు స్వరాలతో రాగమేంటి, మహతి అట, స గ ప ని అట, అది రాగమా అని. ఆ రాగాల మీద 1980ల్లో పెద్ద గొడవే అయింది కదా, పేపర్లకెక్కింది, నేను వచ్చేసరికి ఇంకా ఆ వేడి ఆరలా. వాళ్ళ మధ్య పనిచేసుకుని బతకాలి నేను, వాళ్ళు పెద్దవాళ్ళు, తెలిసినవాళ్ళు, నాకేం తెలుసు అనుకున్నా. కొన్నాళ్ళకి వాళ్ళ మాటే నా మాటలా చెప్పడం మొదలెట్టా. ఊరికి పోయినప్పుడు మా నాయనతో, బాలమురళిది సంప్రదాయం కాదు నాయనా అన్నా. ఆయన నా వైపు చూసి, నువ్వు ఎప్పుడు విన్నావురా అని అడిగాడు. జవాబు లేదు. నేను వినలేదు, విన్నవాళ్ళు చెప్పింది విన్నా.

అమ్మ పోయాక చాన్నాళ్ళకి ఇంటిదాని ఫోన్‌లో వంటింట్లో రామదాసు కీర్తన మోగుతోంది. ఇది పైన నేను చెప్పినదానికి పూర్తి రివర్సు, ముష్టి ఫోన్ స్పీకరు, ఎగ్జాస్ట్ ఫ్యాను మోత, కుక్కరు విజిలు, అయినా ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినపడతా ఉంది. మాట అంత స్పష్టం. సౌండ్ వాడిగా చెప్తున్నా, మైకుకి ఎంత దూరంలో ఎంత గొంతు పెట్టాలో తెలిసిన గొంతు అది, అరవడు, మైకుకి చెవిలో చెప్పినట్టు చెప్తాడు, పైకి పోయినా సన్నగా పోతాడు గాని గీరుకోదు. ఆ తర్వాత ఆ నాలుగు స్వరాల రాగం కూడా కూర్చుని విన్నా. నాకు బాగానే ఉంది. రాగమో కాదో మామలు తేల్చుకోనీ. ఇంకో మాట, ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, ఆ పరంపర పైకి లెక్కేసుకుంటా పోతే నేరుగా త్యాగరాజుగారి శిష్యుల్లోకే చేరుతుంది, సంప్రదాయం కాదట!

నచ్చనివి ఇంకా నచ్చనివిగానే ఉన్నాయి, అది కూడా చెప్పాలి. వయొలిన్‌కి కాంటాక్ట్ మైకు అతికించి దోమ చెవిలో దూరినట్టు వాయించే పద్ధతి నాకు ఇప్పటికీ పడదు, ఎవరు వాయించినా సరే. కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలో మృదంగం, ఘటం, కంజీర ఒకళ్ళ మీద ఒకళ్ళు పోటీకి సౌండు పెంచమని నాకు వేళ్ళు చూపిస్తారే, అదీ పడదు. ఇంకోటి, కుర్రతనంలో స్పీడు చూసి నేను ఎగబడి విన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గుర్ని ఇప్పుడు పది నిమిషాలు వినలేను.

ఇప్పుడు నీ సంగతి. క్యాబ్‌లో వద్దు. ఒక మంచి హెడ్‌ఫోన్, చెవులు మొత్తం మూసేది, లేదంటే ఎవరింట్లోనన్నా పెద్ద బాక్సులుంటే రాత్రి పూట పోయి పెట్టు. గంటసేపు సాగే రాగం తానం పల్లవితో మొదలెట్టమాక, చచ్చిపోతావు. గిరిపై తీసుకో. ముందు సాహిత్యం ఒకసారి మామూలుగా చదువుకో, పాటలా కాదు, ఉత్తరం చదివినట్టు. అదే కీర్తన ఇంకెవరన్నా పాడింది ఒకసారి విను, దారి తెలుస్తుంది. తర్వాత ఈయన్ని పెట్టుకుని చేత్తో తాళం వేస్తా విను, చెయ్యి ఊరికే ఉంటే మనసుకి స్పీడు కావాలనిపిస్తుంది, చేతికి పని దొరికితే ఆగుతుంది. ఒక నెల తర్వాత ఇంకోసారి. అప్పటికీ నచ్చలేదా, నీ ఫ్రెండుకి నచ్చలేదనే చెప్పు, నాలాగా ఎవరి మాటో అరువు తెచ్చుకుని మెచ్చుకోమాక.

మా ఓనరు పోయి చాలా ఏళ్ళయింది. ఆ గిరిపై క్యాసెట్టు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఒకసారి డెక్కు టేపుని నమిలేస్తే పెన్సిల్ పెట్టి చుట్టి సాపు చేశా, అప్పటి నుంచి కరెక్టుగా కలవరించ అనే మాట దగ్గరకొచ్చేసరికి సౌండు ఒక్క క్షణం లోపలికి పోయి మళ్ళా పైకొస్తుంది. యూట్యూబ్‌లో నీట్‌గా ఉన్నది కూడా ఉంది, అది పెట్టుకున్నా ఆ చోటు దగ్గర నా తల దానంతటదే ముందుకి వంగుతుంది, లోపలికి పోయే గొంతుని అందుకోవడానికన్నట్టు. నువ్వు మాత్రం యూట్యూబ్‌దే విను.